గరుకు

పదకొండేళ్లుగా పగటిపూటే నిద్రపోతున్నాను.
ఆసుపత్రిలో నాది రాత్రి డ్యూటీ.
థండర్ బేలో ఊరంతా వాకిట్లో మంచు తోసుకునే వేళకి
నేను కర్టెన్లు బిగించి, వెల్లకిలా పడుకుని
తలమీద గడ్డకట్టిన ఆ గంజిని చూస్తుంటాను.

పేలాల సీలింగ్ అంటారు ఇక్కడ.
పేలాలైతే ఏరుకు తినొచ్చు.
ఇది డెబ్బై ఒకటిలో ఎవరో గొట్టంతో చిమ్మిపోయిన గరుకు,
సాలెగూళ్లకి పుట్టిల్లు,
దుప్పటి గట్టిగా దులిపితే
కళ్లల్లోకి రాలే బియ్యప్పిండి.
కిటికీ దగ్గర ఓ టీరంగు మరక,
మేం కొనకముందెప్పుడో కారిన నీళ్లు.
నాకది మామూలు రోజుల్లో కుందేలు,
జ్వరమొచ్చిన రోజు మా హెడ్ నర్సు.

"తీసేద్దాం" అన్నాడు వెయిక్కో, ఎనిమిదో ఏట.
"తీసేద్దాం" అన్నాను నేను, తొమ్మిదో ఏట.
ఆ మీదటేడు హార్డ్‌వేర్ కొట్టు ఓర్వో అన్నాడు:
"గీకే ముందు పరీక్ష చేయించండి.
ఆ కాలపు ఇళ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు.
ఊపిరితిత్తులకి ఆ 'పోవచ్చు' చాలదు."

తడిపి, చెంచాడు గీకి, సంచిలో మూటకట్టి
ఇంకో ఏడాది తాత్సారం చేశాక ల్యాబ్‌కి పంపాం.
పన్నెండు రోజులు.
పామున్న గదిలో పిల్లుల్లా తిరిగాం.
నేను చిన్నచిన్నగా ఊపిరి పీల్చుకున్నాను,
పదకొండేళ్లు గుండెనిండా పీల్చాక.

లేదని వచ్చింది.
ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అతికించి వెయిక్కో
గట్టెక్కిన పిల్లాడి మార్కుల్లా రోజూ చదివాడు.

శనివారం నేలంతా ప్లాస్టిక్ పరిచాం.
మొక్కలకు కొట్టే పంపుతో నీళ్లు చిమ్మి
పావుగంట ఆగాలి.
ఆగకపోతే దుమ్ము. మరీ తడిస్తే బోర్డే ఊడొస్తుంది.
వెడల్పాటి అట్లకాడ లాంటి రేకుతో తోస్తే
పెళ్లలు పెళ్లలుగా జారింది
భుజాల మీద, టోపీల మీద,
మాస్క్ కిందికి లాగి నవ్వినందుకు ఒకసారి నా నోట్లో.

కింద ఏముందంటే
అతుకులు. వంకరటింకర అతుకులు,
సగం పూసి వదిలేసిన మేకుల తలలు,
ఓ మూల పెన్సిల్‌తో
"శుక్రవారం. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. చిమ్మేస్తే కనబడదు."
సంతకం లేదు.
వెయిక్కో తిట్టబోయి ఆగాడు.
అతనూ ముప్ఫై చలికాలాలు రైలుపట్టాల మీద పనిచేసినవాడే.
ఆ అక్షరాల మీద పూత వేసేటప్పుడు
చెయ్యి కాస్త నెమ్మదించింది.

మూడు పూతలు. మూడుసార్లు ఉప్పుకాగితం.
బోసినెత్తిలా నున్నగా తేలింది కప్పు.
కుందేలు లేదు. హెడ్ నర్సు లేదు.

సోమవారం పొద్దున్న డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాను.
నిద్ర పట్టలేదు.
ఇల్లు మోగుతోంది.
ఇన్నాళ్లూ ఆ గరుకు చప్పుళ్లు మింగేదని
ఓర్వో చెప్పలేదు, ల్యాబ్ కాగితంలోనూ లేదు.
గడియారం ముల్లు. ఫ్రిజ్ గురక.
వంటింట్లో వెయిక్కో
కిర్రుమనే చెక్కని దాటివేసే మేజోళ్ల అడుగు.
సొరుగులోంచి ఒక్క చెంచానే, పక్కదానికి తగలకుండా.
మోచేతి మడతలో అణిగిపోయిన దగ్గు.
ఆపైన, కెటిల్ ఈల వేయబోతుండగా
ఒక్క ఊపిరి ముందు
దాన్ని పొయ్యి మీంచి ఎత్తిన చప్పుడు.

పదకొండేళ్లు. రోజూ.

లేచి వెళ్లి ఏదో ఒకటి అందామనుకున్నాను.
అంటే, నాకు వినబడుతోందని
రేపట్నుంచి ఇంకా నెమ్మదిగా కదులుతాడు.
కళ్లు మూసుకుని
నిద్రపోతున్నట్టే
వింటూ పడుకున్నాను.